నాలుగు రోజుల పందెం

"నా ఫోన్ పాడైపోయిందండీ! వేలు పెడితే తెరుచుకోవట్లేదు, నంబరు కొట్టమంటోంది."

ఫోన్ ముట్టకుండా నాలుగు రోజులు ఎవరు ఉండగలరో అని మొగుడూ పెళ్లాల పందెం. ఒకేలాంటి ఫోన్లు రెండూ బీరువాలో పెట్టి, తాళంచెవి అత్తగారికిచ్చి, ఇప్పుడే బయటికి తీశారు.

మొగుడు తన ఫోన్లోంచి తలెత్తకుండానే నవ్వాడు. "పాడవలేదే పిచ్చిమొహమా! మూడు రోజులు ఎవరూ తెరవకపోతే అది తనంతట తానే ఆగి, మళ్లీ మొదలవుతుంది. అప్పుడు వేలిముద్ర చెల్లదు, నంబరు కొట్టాల్సిందే. దొంగల భయానికి ఆ ఏర్పాటు."

"అలాగా! మరి మీది వేలు పెట్టగానే ఎలా తెరుచుకుందీ?"

మొగుడి నవ్వు ఆగిపోయింది. ఆవిడ మెల్లగా అత్తగారి వైపు తిరిగింది.

అత్తగారు తాళంచెవి గుప్పిట్లో దాచుకుంటూ లేచింది. "పాలు పొంగుతున్నట్టున్నాయి, చూసొస్తా."

పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.