ఉడత సాయం

"మళ్లీ ఆగిపోయింది అత్తా!"

మేనకోడలు కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. బల్ల మీద పసికందుల్ని వెచ్చగా ఉంచే పెట్టె చల్లగా పడి ఉంది. పచ్చ దీపం ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. నాలుగింటికి పిల్లల డాక్టరమ్మ వస్తుంది. ఆవిడకి నచ్చితే ఈ పెట్టెలు ఆస్పత్రికి వెళతాయి. నచ్చకపోతే రెండేళ్ల కష్టం అటకెక్కినట్టే, ఇద్దరూ మళ్లీ మిక్సీలు బాగుచేసుకుంటూ కూర్చోవాలి.

మేనత్త సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టింది. "నే చెప్పానా? ఉచితంగా వచ్చేదానికి అడిగే దిక్కుంటుందా? చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ వదిలేసి దీన్ని నెత్తికెక్కించుకున్నావ్."

"వదలక ఏం చెయ్యను? వాళ్లు ఊరికే ఇచ్చింది రుచి చూడ్డానికే. ప్రోగ్రాం కాస్త పెద్దదయ్యేసరికి మొరాయించింది. పూర్తిది కొనాలంటే ఈ షాపు అమ్మాలి. ఇదైతే ఎంత పెద్దదైనా కాదనదు."

"కాదనదు, పనీ చెయ్యదు! ఆ కంపెనీకే ఇంకోసారి ఫోన్ చెయ్యి."

చేసింది. స్పీకర్లో పొద్దుటి గొంతే. పాఠం అప్పజెబుతున్నట్టు మాట్లాడాడు.

"గాభరా పడకండి మేడం. లైసెన్సు లేనివాళ్లకి మూడు పనిదినాల్లో జవాబిస్తాం."

"మూడు రోజులా? పసిపిల్లల పెట్టె అండీ ఇది! నాలుగింటికి డాక్టర్ వస్తున్నారు!"

"అర్థమైంది మేడం. కానీ రూలు రూలే. ఒంటిగంటయింది, మాకు భోజన విరామం." పెట్టేశాడు.

"వీడి మొహం మండ! మనం ఇక్కడ చస్తుంటే వీడికి తిండి గోల!" అంది మేనత్త.

మేనకోడలికి ఏడుపొచ్చింది. చివరి ఆశగా ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల ఫోరంలో జరిగిందంతా రాసి, ఫైళ్లన్నీ జతచేసింది. పది నిమిషాల్లో 'ఉడత' అనే పేరుతో ఎవరో పలికారు.

'గాభరా పడకండి. చిప్ మీద నంబరు చూసి చెప్పండి.'

మేనత్త భూతద్దం పెట్టి చదివింది, మేనకోడలు టైపు చేసింది. చాలాసేపు ఏమీ రాలేదు. రెండు గంటలవబోతుండగా జవాబొచ్చింది.

'ఫైళ్లన్నీ చూశాను. మీ చిప్‌లో మెమరీ ఇరవై కిలోబైట్లే. మీరెక్కణ్ణుంచో తెచ్చుకున్న ఫైల్లో అరవై నాలుగని ఉంది. రెండు గదుల ఇంట్లో ఆరో గదికి సామాను మోయమంటే అది మాత్రం ఏం చేస్తుంది? ఈ సాఫ్ట్‌వేర్ మనం ఏం చెబితే అది నమ్ముతుంది, సరిచూసుకోవాల్సింది మనమే. మార్చి చూడండి. నేను వెళ్లాలి.'

"ఎవడే వీడు?"

"తెలీదత్తా. జీతం భత్యం లేకుండా ఇలా సాయం చేస్తుంటారు కొందరు."

"అయితే పనీపాటా లేనివాడే. చల్లగా ఉండాలి!"

మేనకోడలు అంకె మార్చింది. పచ్చ దీపం వెలిగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఆరలేదు. మేనత్త పెట్టెలో అరచెయ్యి పెట్టి, "వెచ్చబడుతోందే తల్లీ!" అని మేనకోడల్ని వాటేసుకుంది. ఫోరంలో వెయ్యి దండాలు రాస్తే చదవడానికి ఉడత లేదు.

నాలుగింటికి వచ్చిన డాక్టరమ్మ అరగంటసేపు థర్మామీటరు పెట్టి చూసింది. "వచ్చేవారం ముందుగా రెండు పంపండి," అంది. ఆవిడ గుమ్మం దాటగానే ఇద్దరికీ నవ్వాగలేదు.

అంతలో ఫోన్ మోగింది. అదే కంపెనీ, అదే గొంతు.

"మేడం, మీ ఫిర్యాదు నమోదైంది. మూడు పనిదినాల్లో..."

మేనత్త ఫోన్ లాక్కుంది. "మీ జవాబు మీ దగ్గరే ఉంచుకో నాయనా! ముక్కూ మొహం తెలీని ఉడత ఒకటి తన పనులు మానుకుని మాకు సాయం పట్టింది. వాణ్ని చూసి నేర్చుకో కాస్త!"

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత ఆ గొంతు బాగా తగ్గింది.

"ఇరవై అని మార్చాక దీపం ఆరలేదు కదండీ?"