కేకు కోశాక

"ఇక ఆపవే. కేకు కోసేశాంగా," అన్నాడు అన్నయ్య.

"పాత వీడియో టేపు కంప్యూటర్లోకి ఎక్కుతుండగా ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. అమ్మకిచ్చే డిస్కు సాయంత్రానికి అవ్వాలి," అన్నాను.

తెరమీద నా ఐదో పుట్టినరోజు. ఆ రోజు కెమెరా ఆపడం అందరూ మరిచిపోయారు. నాన్న అమ్మను జుట్టు పట్టి గోడకేసి కొడుతున్నాడు.

"చూడు, ఇప్పుడు నేనొచ్చి అడ్డుపడతాను," అన్నాడు అన్నయ్య. ఇరవై ఏళ్లుగా చెబుతున్న మాటే.

తెరమీద తొమ్మిదేళ్ల అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. మేకుకు వేలాడుతున్న బెల్టు తీసి నాన్న చేతికిచ్చాడు.

బెల్టు లేచిన ప్రతిసారీ అమ్మ అరిచింది.

అన్నయ్య నా మణికట్టు విరిగేలా పట్టుకున్నాడు. "ఆ ముక్క తీసెయ్. అమ్మ చూస్తే?"

"అమ్మ అక్కడే ఉందిగా అన్నయ్యా. నువ్వా కథ చెప్పినప్పుడల్లా 'అవును, వీడే కాపాడాడు' అన్నది తనేగా."