నాలుగు దిక్కులా సముద్రం

తెర మీద రెండు మచ్చలున్నాయి.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో చిన్న ఫోటో స్టూడియో అది. గోడ నిండా వేలాడే గుడ్డ తెర. దాని మీద ఒక దీవి. నీలం సముద్రం, తెల్లటి ఇసుక, వంగిన కొబ్బరిచెట్లు. సరిగ్గా చెట్టు కింద బొటనవేలంత నల్లటి మచ్చలు రెండు.

"ఏందే ఇవి? ఫోటోల పడతయి గదా!" అంది నళిని.

"పడితే పడనీవే. మన మొహాలు పడితే చాలదూ?" అంది కామాక్షి.

చాలదు. నళినికి అస్సలు చాలదు.

నాంపల్లి ఆఫీసులో పక్కపక్క టైపు మిషన్ల ముందు నాలుగేళ్ళు కూర్చున్నారు ఇద్దరూ. కామాక్షిది భీమిలి. నళిని చాదర్‌ఘాట్‌లో పుట్టింది. మూసీ, హుసేన్‌సాగర్ తప్ప వేరే నీళ్ళు ఎరగదు.

"మా ఊళ్ళో సముద్రం ఒక పక్కే ఉంటుందే. అండమాన్ వెళ్తే నాలుగు దిక్కులా సముద్రమే! ఎటు నడిచినా కాళ్ళు తడుస్తాయి," అనేది కామాక్షి, మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం తింటూ.

మద్రాసులో ఓడెక్కాలి. పది రోజులు పనీపాటా లేకుండా ఇసుకలో పడుకోవాలి. ఎన్ని సాయంత్రాలు చెప్పుకున్నారో ఆ ముచ్చట!

తీరా అడిగితే నళిని తండ్రి వెంకటేశం ఒక్కటే మాట అన్నాడు.

"ఇద్దరాడపిల్లలు సముద్రం దాటి పోవుడేంది? సోయి ఉండే మాట్లాడుతున్నవా?"

అంతటితో ఆ ముచ్చట అయిపోయింది. ఇంతలో కామాక్షికి ఢిల్లీ బదిలీ. రేపు సాయంత్రమే రైలు.

అందుకే ఈ ఫోటో. వెళ్ళలేని దీవికి తెర మీదయినా వెళ్ళాలని. దాని మీద కూడా మచ్చలా!

రేపటి రైలు గురించి వాళ్ళు చెప్పుకునేది వింటూ, తెరలు లాగే ముసలాయన దగ్గరికొచ్చాడు.

"బిడ్డా, జర ఇటు జరుగుండ్రి. గాడ నిలబడొద్దు."

"మేం నిలబడితే ఆ మచ్చలు కనపడవు తాతా. మంచిదే గదా?" అంది నళిని.

"అవి కనపడాలె బిడ్డా."

"మంచిగున్నది! మచ్చలు కనపడాల్నా? నువ్వెప్పుడన్న సముద్రం చూసినవా?"

"లేదు బిడ్డా."

"మరి నీకేం ఎర్క?"

ముసలాయన లైటు తేవడానికి లోపలికి వెళ్ళాడు.

నళిని ఊరుకుంటుందా? రుమాలు కూజా నీళ్ళలో తడిపి, ఒక మచ్చ మీద గట్టిగా రుద్దింది. నీళ్ళరంగు కాబోలు, ఇట్టే వచ్చేసింది. రెండోదాని మీద చెయ్యి వేసేసరికి ముసలాయన రానే వచ్చాడు.

తెర వైపు చూశాడు. నళిని చేతిలో రుమాలు వైపు చూశాడు.

వెనకే వచ్చిన యజమాని రామచందర్ మండిపడ్డాడు.

"ఎవరు తుడిచిన్రు? తెర ఖరాబు చేసిన్రు గదా!"

ముసలాయన అతని చెవిలో ఏదో చెప్పాడు. రామచందర్ కెమెరా వెనక్కి వెళ్ళాడు.

"నవ్వుండ్రి బిడ్డా. దోస్తుల ఫోటో, నవ్వితెనే మంచిగుంటది," అన్నాడు ముసలాయన, లైటు ఎత్తి పట్టుకుని.

నవ్వారు.

ఢిల్లీ నుంచి మొదట వారానికో ఉత్తరం వచ్చేది. తరవాత నెలకొకటి. ప్రతి ఉత్తరం చివరా ఒకటే మాట: "వచ్చే వేసవికి మాత్రం తప్పకుండా వెళ్దామే!"

ఆరు వేసవులు గడిచాయి. ఏడో ఏట కామాక్షి అన్నయ్య కార్డు రాశాడు. నాలుగు రోజుల జ్వరంతో కామాక్షి పోయిందట.

నళిని ఏడ్చి ఏడ్చి, ఆ ఫోటోను చూసి చూసి, అంచులు అరగదీసింది. చివరికి ఇంకో ప్రింటు కోసం స్టూడియోకి వెళ్ళింది.

తెర అక్కడే ఉంది. రంగు వెలిసింది. ఆ రోజు తన రుమాలుకు చిక్కకుండా మిగిలిన మచ్చను ఈసారి పరీక్షగా చూసింది.

మచ్చ కాదు. మనిషి. ధోవతి కట్టుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. ఒక చెయ్యి పక్కకు చాచి ఉంది, ఎవరి భుజం మీదో వేసినట్టు. ఆ చెయ్యి కింద ఎవరూ లేరు.

నళిని రామచందర్ వైపు తిరిగింది.

"ఇక్కడ ఇద్దరుండిరి గదా!"

"ఔ," అన్నాడు రామచందర్. "ఇద్దరు దోస్తులు. సినిమా బోర్డులకు రంగులేసేటోళ్ళు. సముద్రం చూడాలె, దీవికి పోవాలె అని ఇరవై ఏండ్లు అనుకున్నరు. పోకముందే సదాశివ అనేటాయన దవాఖానల పాణం విడిచిండు. ఆ దుఃఖంలనే రెండో ఆయన ఈ తెర గీసి, చెట్టు కింద ఇద్దర్నీ నిలబెట్టిండు."

"ఒకర్ని తుడిచింది నేనేనండీ."

"తెలుసమ్మా."

"రెండో ఆయన ఎక్కడుంటడు? కాళ్ళు పట్టుకుంట. మళ్ళ గియ్యమంట."

"పోయిన ఎండకాలం ఆయన గూడ పోయిండు. కండ్లు మసకవారి కుంచె ఎప్పుడో విడిచిపెట్టిండు."

నళిని ఆ తెల్లటి ఖాళీ మీద వేలు పెట్టింది. తన రుమాలు అంత పని చేసింది.

"ఎవరండీ ఆయన?"

రామచందర్ తెర మీద మిగిలిన బొమ్మను వేలితో చూపించాడు.

"ఆ రోజు నేను తిట్టబోతుంటే, 'ఏమనకు సేటూ, ఆ బిడ్డ దోస్తు రేపు రైలెక్కి పోతున్నది, గా దుఃఖం నాకెర్క' అని నా చెవిల చెప్పి, మీ కోసం లైటు పట్టుకొని నిలబడ్డడు గదమ్మా, ఆ తెరలు లాగే ముసలాయన రాజమల్లే."