కదపొద్దన్న జాడీ

హన్మవ్వ పొద్దుటి నుంచి జాడీ మూత తీసి వాసన చూస్తూనే ఉంది. పులుపు రాలేదు.

చెరుకు రసం పోసి నెల దాటింది. అది పులిసి సిర్కా, అంటే వెనిగర్, అయితే ఆమె దగ్గరే కొంటానని బోధన్ బస్టాండు హోటలాయన అన్నాడు. కబాబ్ పక్కన వేసే ఉల్లిగడ్డలు అందులో నానబెడతాడు. అదే జరిగితే ఆమెకు చెరుకు కొట్టే పని తప్పుతుంది. మోకాలు ఇంకో ఏడాది ఓర్చేలా లేదు.

రుద్రూర్‌లో రేణుకమ్మకు కబురు చేసింది. చెరుకు కోతల్లో పరిచయం. ఆమె ఇంట్లో పాత సిర్కా ఉంది. దాని మీద కట్టిన తరక కొంచెం వేస్తే కొత్త రసం పుల్లబడుతుంది. తరకను రేణుకమ్మ ఎవరి చేతికీ ఇవ్వదు. జాడీ వాసన చూసి తనే వేస్తుంది. శుక్రవారం వస్తానంది.

శుక్రవారం బస్సు వచ్చింది. రేణుకమ్మ దిగలేదు.

పక్క ఊళ్లో ఆబ్కారీ వాళ్లు తిరుగుతున్నారని మాత్రం తెలిసింది.

మధ్యాహ్నం ఎవరో మనిషి వాకిట్లో నిలబడి గాలి పీల్చాడు. ఖాకీ నిక్కరు వేసుకున్నాడు.

“అక్కా, జాడీ ఏడున్నది?”

“ఏ జాడీ? మా ఇంట్ల లేదు.”

“ఉన్నది. వాసన బాట దాకొస్తుంది. రసం సారా అయింది.”

“మా ఇంట్ల సారా ఎవ్వరు ముట్టరన్నా.”

“ముట్టిండ్రని నేనన్లే. జాడీ కదపకు. సైకిల్ పంచరైంది, డబ్బా దానికే ఉన్నది. తెస్త.”

అతను వెళ్లాక పక్కింటి ముత్యం గోడ మీదుగా తొంగి చూశాడు. పక్క ఊళ్లోనూ ఇలాగే డబ్బాలో నమూనా పట్టుకుపోయారని, జాడీ గల మనిషి ఇంకా జైల్లోనే ఉన్నాడని చెప్పాడు.

“ఖాలీ జాడీకి కేసు లేదు, వదినా.”

హన్మవ్వ జాడీని వంచింది. రసం కాలువలో పడి చేలోకి పారింది. జాడీ కడిగి ఎండలో బోర్లించింది.

అతను డబ్బాతో వచ్చి జాడీ వైపు చూశాడు.

“గిదేందక్కా? సారా అయినంకనే గదా సిర్కా అయ్యేది.”

 ఊళ్లో చెరుకు కోతలు అయిపోయాయి. మళ్లీ రసం వచ్చే ఏడాదే.

అతను అరుగు మీద కూర్చొని డబ్బా మూత తీశాడు. సిర్కా మీద తరక తేలుతోంది.

“రేణుకకు జ్వరమొచ్చింది. వాసన సూడకుంట వెయ్యకని నాకు మరీ మరీ చెప్పి తోలింది,” అన్నాడు రేణుకమ్మ భర్త భోజన్న.