మర్నాటి పులుసు

"నీ పులుసు మర్నాటికి ఎట్టుంటాదో ఎప్పుడన్నా చూసినావా అన్నా?" కుండ మూతికి గుడ్డ కడుతూ అడిగింది ఆనందకుమారి.

"మా హోటల్లో మర్నాటిదాకా మిగిలితే గదా!" అన్నాడు హెబ్రోను. "మధ్యాహ్నానికే గిన్నె నాకేస్తారు. పాచిది తినేవోళ్లంతా నీ కాడికే వస్తారులే."

"రేపు జడ్జి తినేదీ పాచిదే గదన్నా!"

ఆమె నవ్వింది. కెమెరాలు ఆ నవ్వు మీదికే తిరిగాయి. హెబ్రోనుకు ఒళ్లు మండింది.

నెల్లూరులో పెద్ద రెస్టారెంటుకు చెఫ్ అతను. ఒకప్పుడు అతని కింద ఉల్లిపాయలు తరిగిన మనిషి ఈమె. ఇప్పుడు నాయుడుపేటలో సొంత హోటల్ పెట్టింది. ఈ టీవీ పోటీలో ప్రతి రౌండులోనూ చప్పట్లు ఆమెకే. మిగిలింది ఫైనల్ ఒక్కటే.

మైపాడు సముద్రం ఒడ్డున షూటింగ్. ఇద్దరికీ ఒకే బుట్టలోని బొమ్మిడాయి చేపలు, ఒకే రకం మామిడికాయలు, ఒకే రకం కుండలు. పులుసు రాత్రంతా ఊరాలి. తీర్పు పొద్దున. ఏది ఎవరిదో తెలియకుండా కుండల అడుగున పేర్లు చెక్కించి, చోట్లు తారుమారు చేశారు.

ఆ రాత్రి ప్రార్థనలో హెబ్రోను తన గెలుపు అడగలేదు. ఆమె ఓటమి అడిగాడు.

తెల్లవారగానే యూనిట్ వాళ్లు టీకి పోయారు. అతను టెంటులోకి దూరాడు. మొదటి కుండ గుడ్డ విప్పి, వేలు ముంచి నాకాడు. బాగానే ఉంది. రెండోది నాకాడు. అలాగే నిలబడిపోయాడు. పులుపూ కారమూ ఒకదానిలో ఒకటి కరిగిపోయి, ఆ రుచి నాలుకను వదలడం లేదు. ఇన్నేళ్లు వండి, తన చేతి వంటలో ఇలాంటి రుచి ఎన్నడూ ఎరగడు.

"ఎప్పుడు నేర్చిందో, దొంగది!" అని పళ్లు కొరికాడు.

కుండ ఎత్తి పేరు చూడాలని కూడా అనిపించలేదు. రెండు గుప్పిళ్ల ఉప్పు పోశాడు. ముక్క చెదరకుండా కుండను ఊపి, మళ్లీ గుడ్డ కట్టేశాడు.

పొద్దున కెమెరాల ముందు జడ్జి మొదటి కుండ రుచి చూసి తలాడించాడు. రెండోది నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు.

"ఏందయ్యా ఇది, సముద్రాన్ని తెచ్చి పోసినారా?"

ఆనందకుమారి మొహం పాలిపోయింది. హెబ్రోను జాలిగా ఆమె వైపు చూశాడు.

"బాధపడబాకమ్మా. ఎంతటోళ్లకైనా ఒకరోజు చెయ్యి జారతాది."

జడ్జి ఆ కుండను పైకెత్తాడు.

అడుగున ‘హెబ్రోను’ అని ఉంది.