రెండో కార్బరేటర్

"బానెట్ తెరువు," అంది స్యూ గైక్, షెడ్డులో అడుగు పెడుతూనే.

హాక్ సెంగ్ చేతిలోని కుంచె డబ్బాలో పడేసి లేచాడు. జార్జ్‌టౌన్ సందులో ఉన్న ఆ షెడ్డంతా రంగు వాసన, జిగురు వాసన. మధ్యలో గుండ్రటి పొట్టి కారు. అరవై ఏళ్ళ కిందటి ఇంగ్లీషు మోడల్, ఆకుపచ్చ రంగు.

"ముందు పైన చూడండక్కా. హెడ్‌లైట్లు ఎలా మెరుస్తున్నాయో!"

"మెరుపులు తరవాత. బానెట్."

అతను రెండు వేళ్ళతో బానెట్ ఎత్తాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని లోపలికి వంగింది. కొత్త ప్లగ్గులు నాలుగూ ఉన్నాయి. పొగగొట్టం చెప్పినంత వెడల్పే ఉంది. ఆమె నొసలు ముడిపడింది.

"కార్బరేటర్ ఒకటే ఉందేం?"

"ఒకటి చాలదా?"

"రెండని రాసిచ్చాను కదా!"

రాసిచ్చిన మాట నిజమే. పోయిన వారం ఆమె ఎండలో పడి జెలుటోంగ్ దాకా వెళ్ళి, అక్కడ ఒక మెకానిక్కుని పట్టుకుంది. ఇంజను ఈడ్చుకుంటూ నడుస్తోంది, చురుగ్గా లాగాలంటే ఏం చెయ్యాలని అడిగింది. కారు తీసుకురమ్మన్నాడతను. "అది రాదు, నువ్వు చెప్పు చాలు," అని కూర్చుని అంతా రాసుకొచ్చింది.

ముప్ఫై ఏళ్ళుగా హాక్ సెంగ్‌ది ఇదే పని. ఇంజను గురించి ఇంత రాద్ధాంతం చేసిన మనిషి అతనికి ఇంతవరకూ తగల్లేదు. వచ్చేవాళ్ళందరికీ పైన తళతళలాడితే చాలు.

"లోపల ఎవరు చూడొచ్చారక్కా?"

"ఆయన చూస్తాడు. కారు అందగానే మొదట చేసే పని అదే."

ఆయనంటే కిమ్ థైక్. ఆమె మొగుడు. ఆరు వారాల కిందట, ఒక సోమవారం పొద్దున, ఉన్నట్టుండి వెళ్ళిపోయాడు. మాటమాత్రం చెప్పలేదు. సగం తాగిన కాఫీ బల్ల మీదే ఉండిపోయింది. కళ్ళజోడు కూడా మర్చిపోయాడు.

ఒక్క మనిషికి అన్నం ఎంత వండాలో ఆమెకు ఇప్పటికీ కొలత కుదరడం లేదు. రోజూ పొద్దున్నే రెండు కప్పులు తీస్తుంది. కాసేపు చూసి, ఒకటి మళ్ళీ అరలో పెట్టేస్తుంది. ఆ ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే.

"ఇదంతా ఎందుకక్కా? అందరూ పెద్ద జర్మన్ కార్లు పంపుతున్నారు. డ్రైవర్‌తో సహా."

"మా ఆయన స్టీరింగు ఇంకొకడిని ముట్టుకోనిస్తాడా? నన్నే ముట్టుకోనివ్వలేదు."

"పోనీ, మీ పాత మెకానిక్ కూడా అక్కడే ఉన్నాడుగా. ఆయన చూసుకుంటాడు లెండి."

"ఇరవై ఏళ్ళు చూశాడు, ఏం బాగుచేశాడు? మళ్ళీ వాడి చేతుల్లోనే పెట్టాలా?"

హాక్ సెంగ్ పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"ప్రతి ఆదివారం కొండకవతల బాలిక్ పులావ్ ఊరికి వెళ్ళేవాళ్ళం, చేపల పులుసు నూడుల్స్, లక్సా తినడానికి. కొండదారిలో మూడో మలుపు రాగానే ఈ కారు మహారాజు మూలగడం మొదలెట్టేవాడు. వెనక హారన్లే హారన్లు. నేను తలుపు తీసి దిగిపోయేదాన్ని. గొడుగేసుకుని పైదాకా నడక. నేను దిగగానే ఎక్కేసేది! ఈయన పైన తలుపు తెరిచి పెట్టుకుని ఇకిలించేవాడు. 'నీ బరువు తగ్గేసరికి దీనికి ప్రాణం లేచొచ్చింది చూశావా' అని."

"మీరూరుకునేవారా?"

"ఊరుకుంటానా? ఇల్లు చేరేదాకా దులిపేసేదాన్ని. మళ్ళీ ఆదివారం మళ్ళీ దిగేదాన్ని."

ఆమె కారు ఎడమవైపు తలుపు కేసి చూసింది.

"ఇప్పుడాయన వెళ్ళిన దారి కూడా అంతా ఎత్తేనంటారు, తమ్ముడూ. సగంలో ఆగిపోతే దిగి నడవడానికి పక్కన నేను లేను. ఒక్కడే ఏం చేస్తాడు?"

హాక్ సెంగ్ చొక్కా చేతులు పైకి మడుచుకుని పనిముట్లు దగ్గరికి లాక్కున్నాడు.

"ఎప్పటికి కావాలక్కా?"

"ఆదివారం పొద్దుటికి. ఆ రోజు దాటితే లాభం లేదు."

"వాన రాకుండా ఉంటే చాలు, నేను అందిస్తాను."

శనివారం మధ్యాహ్నం ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి చెప్పకుండానే అతను బానెట్ ఎత్తి పట్టుకున్నాడు. స్యూ గైక్ వేలు పెట్టి చూపిస్తూ లెక్కపెట్టుకుంది. ఒకటి. రెండు. పక్కపక్కనే, బుల్లి గొట్టాలతో సహా.

"లాగుతుందంటావా?"

"కళ్ళు మూసుకుని ఎక్కేస్తుంది. పూచీ నాది."

"ఎడమవైపు సీటు మెత్తగా వేశావా?"

"వేశాను. ఎవరి కోసం?"

"ఖాళీగానే ఉండనీ. నేను వచ్చేదాకా ఎవరూ కూర్చోకూడదని ఆయనకి చెప్తాను."

చేతిసంచీలోంచి కిమ్ థైక్ కళ్ళజోడు తీసి, తన మెత్తటి రుమాలుతో తుడిచి, స్టీరింగు పక్కనున్న అరలో పెట్టింది.

మర్నాడు పొద్దున, గుడి వెనక ఖాళీ స్థలంలో, భర్త పోయిన నలభై తొమ్మిదో రోజు పూజ ముగిశాక, "కారొస్తోంది, తీసుకో" అని ఆయన్ని పేరుపెట్టి మూడుసార్లు పిలిచి, వెదురుబద్దల మీద కాగితం అతికించి చేసిన, కాలిస్తే పోయినవాళ్ళకి చేరుతుందని వాళ్ళు నమ్మే ఆ కారుకు స్యూ గైక్ తన చేత్తోనే నిప్పంటించింది.