అత్తగారి అరికాలి ప్యాడ్

ఇప్పుడు మా ఊళ్లో అందరూ అరికాళ్లకు డిటాక్స్ ప్యాడ్ అంటించుకునే పడుకోవాలి. పొద్దున్నే తనిఖీ అతను ఇంటికొచ్చి చూస్తాడు. ప్యాడ్ నల్లబడితే ఒంట్లోని విషం దిగుతోందని లెక్క. అది తెల్లగా వచ్చేదాకా డాక్టర్ని చూడటానికి టోకెన్ ఇవ్వరు.

మా అత్తగారు మంగతాయారుగారికి షుగర్ ఉంది. ఎడమ అరికాల్లో పుండు పడి ఇరవై రోజులైంది. వాసన కూడా మొదలైంది. ఆవిడ ప్యాడ్ రోజూ నల్లగానే వచ్చేది.

ఓ పొద్దున తనిఖీకి వచ్చిన ఫణీంద్ర ఎదుటే కొత్త ప్యాడ్‌ని ఇడ్లీ పాత్ర ఆవిరి మీద పట్టాను. నిమిషంలో నల్లబడింది.

"చూశారా? తడి తగిలితే చాలు."

"మీ ఇడ్లీల్లోనూ విషం ఉందేమో మేడమ్. ఏ రవ్వ వాడుతున్నారు?" అన్నాడు నవ్వకుండా.

నేను చదివింది బీయస్సీ కెమిస్ట్రీ. ఆ రాత్రి ముందు అత్తగారి పాదానికి పాల కవరు చుట్టి, దానిమీద ప్యాడ్ అంటించాను. మర్నాడు అది మల్లెపువ్వులా ఉంది.

ఫణీంద్ర మొహం వెలిగిపోయింది. "శుభం పెద్దమ్మగారూ! విషమంతా పోయింది. ఇంక మీకు డాక్టరుతో పనేముంది?" అంటూ రోగుల జాబితాలోంచి ఆవిడ పేరు తీసేశాడు.

అత్తగారు కవరు లాగేసి, పుండున్న కాలు అతని ముందుకు చాపారు. "మరి ఇదేంటి నాయనా?"

అతను ముక్కు మూసుకుని వెనక్కి జరిగాడు.

"నేను ప్యాడ్లే చూస్తానండీ. కాళ్లు చూడను."